అనసూర్య పట్టుకున్న చెయ్యి

పక్క మండలంలో పని ఇస్తామంటే దూరమని వద్దన్న మనిషి నేపాల్ పోతానని కూర్చుంది. మా ఇంటామె సంగతే చెబుతున్నాను. పేరు అనసూర్య. నా పేరు సదయ్య. ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగు సెక్షన్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, అందుకే నా గొంతు పెద్దది, చెవులు మందం. ఎదుటివాళ్లు చెప్పేదాంట్లో సగమే నాకు వినబడుతుందని మా కూతురు దీప ఎప్పుడూ దెప్పుతుంది. ఆ రోజు మాత్రం అనసూర్య అన్నది అక్షరం పొల్లుపోకుండా వినబడింది. విని ఒంటికాలి మీద లేచాను.

ముందు ఆమె పని గురించి చెప్పాలి, లేకపోతే తర్వాత జరిగింది ఎవరికీ అర్థం కాదు. మాది రామగిరి వైపు, గనిని ఆనుకుని ఉన్న ఊరు. అనసూర్య ఆ ఊరి అంగన్‌వాడీలో ఆయా. పెళ్లయిన కొత్తల్లో చేరింది, ఊరు ఉన్నంతకాలం చేసింది. పిల్లల్ని ఇళ్ల నుంచి పిలుచుకురావడం, వండటం, తినిపించడం, ముక్కులు తుడవడం, పడుకోబెట్టడం, అన్నీ ఆమే. పిల్లలు అన్నం తినే వేళకే గనిలో బ్లాస్టింగు ఉండేది. ముందు సైరన్ మోగుతుంది. మోగగానే బయట ఉన్నవాళ్లు లోపలికి రావాలి. రాయి ఎగిరితే ఎటు పడుతుందో ఎవరూ చెప్పలేరు. కాసేపటికి నేల కిందనుంచి దడ్‌మని వస్తుంది. గిన్నెలు గలగలమంటాయి, తలుపు గొళ్లెం ఊగుతుంది, గోడ మీది సున్నం కొంచెం రాలుతుంది. కొత్తగా చేరిన పిల్లలు బెదిరి బయటికి ఉరుకుతారు. వాళ్లను ఉరకనియ్యకుండా పట్టుకోవడమే అనసూర్య పని. ఎడమ చేత్తో రెక్క పట్టి, కుడిచేత్తో ముద్ద నోట్లో పెడుతూ "అయిపాయె, అయిపాయె" అనేది. అన్నేళ్లలో ఒక్క పిల్లకు గీత పడలేదు. అక్కడ పేల్చేవాళ్లలో నేనొకణ్ణి, ఇక్కడ పిల్లల్ని పట్టుకునేది ఆమె. మా కాపురం అట్లా సాగింది.

గని పెరిగింది. ఊరు ఖాళీ అయింది. జనం తలో దిక్కు సర్దుకున్నారు, మేం గోదావరిఖనిలో ఇల్లు కట్టుకున్నాం. అంగన్‌వాడీ మూతబడింది. పక్క మండలంలో ఇస్తామన్న పనిని ఈమె కాదంది. అప్పటినుంచి ఇంట్లో నాకు నరకం. పొద్దున లేచి గిన్నెలు తోముతుంది, తోమినవే మళ్లీ తోముతుంది. వీధిలో ఎవరి పిల్ల ఏడ్చినా పరుగెత్తుకుపోతుంది. నేను అన్నం తింటుంటే ఎదురుగా కూర్చుని, సరిగ్గా నమలమని చెబుతుంది. రిటైరైన మనిషికి ఆ మాట ఎంత ఒళ్లుమంటగా ఉంటుందో ఆలోచించండి.

అప్పుడు వచ్చింది శ్రావణ్య. మంథని అమ్మాయి, ఇంటినిండా పంతుళ్లూ మాస్టర్లూ ఉన్న ఇంటి పిల్ల. పిల్లల కోసం పనిచేసే ఒక సంస్థలో ఉంటుంది. అంగన్‌వాడీ రోజుల్లో ట్రెయినింగు ఇవ్వడానికి వచ్చి, అనసూర్య అన్నం తినిపించే తీరు చూసి తానే నోట్‌బుక్కు మూసేసిందట. నేపాల్ కొండల్లో తల్లిదండ్రులు పోయిన పిల్లలను సాకే ఇల్లు ఒకటి ఉందనీ, చిన్నపిల్లల్ని చూసుకోవడం తెలిసిన పెద్దావిడ ఆర్నెల్లు వచ్చి ఉంటే బాగుండునని వాళ్లు అడుగుతున్నారనీ చెప్పింది. జీతం లేదు, తిండీ పడకా ఉంటాయి. అనసూర్య మారుమాట లేకుండా ఒప్పుకుంది.

నేను ఎన్ని విధాల అడ్డుపడ్డానో చెప్పలేను. భాష రాదన్నాను. గోదావరిఖని కాలనీల్లో బిహారోళ్లతో, యూపీవాళ్లతో మాట్లాడిన హిందీ చాలంది. చలికి తట్టుకోలేవన్నాను. స్వెట్టర్ కొనుక్కుంటానంది. నాకు వండేదెవరన్నాను. అప్పుడు మందమర్రి నుంచి దీప ఫోన్‌లో అందుకుని, అమ్మ నీకు ఇన్నేళ్లు వండింది చాలు నాయినా, పప్పు ఎట్ల పెట్టాలో నేను చెబుతా అంది. తల్లీకూతుళ్లు ఒక్కటైతే మనమేం చేస్తాం? రామగుండం స్టేషన్‌లో గోరఖ్‌పూర్ రైలెక్కించి, శ్రావణ్య పక్కన కూర్చోబెట్టి, ముఖం మాడ్చుకుని తిరిగొచ్చాను.

రోజూ సాయంత్రం ఫోన్ వచ్చేది. మొదట్లో అన్నీ కష్టాలే. ఆ ఇల్లు కొండ వాలు మీద ఉందట, నీళ్ల కుళాయి కింద, వంటిల్లు పైన. మెట్లెక్కి దిగేసరికి మోకాళ్లు కూసేవట. పొద్దున పదింటికే పప్పూ అన్నం తినేసి మళ్లీ చీకటి పడ్డాకే పళ్లెం ముందు కూర్చుంటారట. మధ్యలో ఈమెకు ఆకలికి కళ్లు తిరిగేవి. కూరలో కారం లేదు. ఎండబెట్టిన పుల్లటి ఆకుకూర ఏదో వండితే మొదటిరోజు నోట్లో పెట్టుకోలేక, పెట్టుకున్నది ఉమ్మలేక అవస్థ పడిందట. చీర మీద స్వెట్టర్, స్వెట్టర్ మీద నా పాత మఫ్లర్, కాళ్లకు సాక్సులు. ఆ వేషంలో వీడియోలో కనబడితే నేను నవ్వాపుకోలేకపోయాను. ఆమె ఫోన్ పెట్టేసింది. రెండురోజులు మాట్లాడలేదు.

తర్వాత మెల్లగా కుదురుకుంది. పిల్లలు ఆమెను "ఆమా" అనడం మొదలుపెట్టారు, అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆ ఇంటిని నడిపేది సావిత్రీ దిదీ అనే ఆవిడ. మనిషి మంచిదే కానీ పద్ధతి మనిషి. అనసూర్య ఒక పెద్ద పళ్లెంలో అన్నం కలిపి, చుట్టూ పిల్లల్ని కూర్చోబెట్టుకుని, ఒక్కొక్కరి నోట్లో ముద్ద పెడుతుంటే చూసి అభ్యంతరం చెప్పిందట. అక్కడ ఎంగిలి పట్టింపు ఎక్కువ, ఎవరి పళ్లెం వాళ్లదే. అనసూర్య వాదించలేదు, చేతిని పిల్లల పెదవులకు తగలనివ్వకుండా ముద్దను పైనుంచి నోట్లోకి వదలడం చూపించింది. పిల్లలకు అదొక ఆటయింది. ఎప్పుడూ తిండి దగ్గర మారాం చేసేవాళ్లు కూడా నోళ్లు తెరుచుకుని వరసకట్టారు. దిదీ చూసీ చూడనట్టు ఊరుకుంది.

ఒక్క పిల్ల మాత్రం వరసలోకి రాలేదు. పేరు ఫూల్‌మాయ, ఆరేళ్లుంటాయి. భూకంపంలో వాళ్ల ఇల్లు కూలి తల్లీతండ్రీ లోపలే పోయారు. ఈ పిల్ల దూడకు గడ్డి వెయ్యడానికి బయట ఉండి బతికింది. ఆరోజు నుంచి ఇంటి లోపలికి రాదు. వసారా కొసన కూర్చుంటుంది, అక్కడే తింటుంది, అక్కడే పడుకుంటుంది. ఎత్తుకుని లోపలికి తెస్తే గుక్కపట్టి నీలంగా మారుతుందట. పోయిన చలికాలం వసారాలో పడుకుని ఊపిరితిత్తులకు నెమ్ము చేసి దవాఖానలో పడింది. ఇంకో చలికాలం బయట గడిపితే పిల్ల దక్కదని డాక్టరు తెగేసి చెప్పాడు. చలి ముదరడానికి ఎక్కువ రోజులు లేవు. దిదీ అనసూర్యను పిలిపించుకున్నదే ఆ పిల్లను ఎట్లాగైనా లోపలికి తెస్తుందేమోనని.

ఆ పిల్ల సంగతి చెప్పేటప్పుడు అనసూర్య గొంతు మారేది. మా ఊళ్లో బ్లాస్టింగుకు బెదిరే పిల్లల్ని ఎట్ల మచ్చిక చేసుకుందో ఇక్కడా అట్లే మొదలుపెట్టింది. బలవంతం చెయ్యలేదు. పళ్లెం తీసుకుపోయి వసారాలో పిల్ల పక్కనే కూర్చునేది. మొదట ముద్ద పళ్లెం అంచున పెట్టి ముఖం తిప్పుకునేది. కొన్నాళ్లకు పిల్ల చేతిలోంచి తీసుకుంది. ఇంకొన్నాళ్లకు నోరు తెరిచింది. అప్పటినుంచి పళ్లెం రోజూ జానెడు జానెడు లోపలికి జరగడం మొదలైంది. గడప దగ్గరికి వచ్చింది. గడప దాటింది. పిల్ల కాళ్లు బయటే ఉంచి మెడ మాత్రం లోపలికి చాపేది. తర్వాత ఒక కాలు. నాకు ఫోన్‌లో ఈ జానెడు లెక్కలు తప్ప వేరే మాట లేదు. నేను పప్పు మాడబెట్టుకున్న సంగతి చెప్పబోతే వినేదే కాదు.

ఒకరోజు సాయంత్రం ఫోన్ చేసి, పిల్ల ఈరోజు గది మధ్యలో కూర్చుని తిన్నది అంది. నాకు తెలియకుండానే "మంచిగయింది" అన్నాను. ఆమె ఆ మాట నాతో ఇంకోసారి అనిపించుకుంది.

ఆ తర్వాతి రోజు ఫోన్ రాలేదు. మర్నాడూ రాలేదు. నేను చేస్తే ఎత్తలేదు. కాలుగాలిన పిల్లిలా ఇంట్లో తిరిగాను. ఆమెను అక్కడ దింపి ఎప్పుడో తిరిగొచ్చిన శ్రావణ్య చివరికి ఫోన్ చేసింది. ఆ అమ్మాయి మెల్లగా చెబుతుంటే నాకు సగం వినబడలేదు, గట్టిగా చెప్పమని అరిచాను. భూమి కదిలిందంది. అమ్మకు ఏం కాలేదు సదయ్య కాకా, కానీ మీరు వచ్చి తీసుకుపోతే మంచిది అంది.

జరిగింది ఇది. పొద్దటి అన్నం వేళ. అనసూర్య గది మధ్యలో పళ్లెం పెట్టుకుని కూర్చుంది, చుట్టూ పిల్లలు, ఫూల్‌మాయ ఆమె మోకాలికి ఆనుకుని ఉంది. నేల కిందనుంచి దడదడమని వచ్చింది. అలమారలో గిన్నెలు గలగలమన్నాయి, తలుపు ఊగింది, పైనుంచి మట్టి రాలింది. నేల కదిలితే ఉన్నపళంగా ముంగిట్లోకి ఉరకాలని దిదీ పిల్లలందరికీ నేర్పింది, అనసూర్యకూ వచ్చిన వారంలోనే చెప్పింది. ఆమె తలూపింది కూడా. పిల్లలందరూ లేచి ఉరికారు. ఫూల్‌మాయా లేచింది. అనసూర్య ఎడమ చెయ్యి పోయి ఆ పిల్ల రెక్క పట్టుకుంది. పట్టుకుని కూర్చోబెట్టి, కుడిచేత్తో ముద్ద తీసి "అయిపాయె, అయిపాయె" అంది.

పిల్ల కేకలు పెట్టింది, గుంజుకుంది, చివరికి ఆమె చెయ్యి కొరికి విడిపించుకుని తలుపు వైపు ఉరికింది. ఆ ఉరికే లోపల అలమార పైనున్న ఇత్తడి బిందె దొర్లి పిల్ల భుజం మీద పడింది. ఎముక విరిగింది. అసలు కదలిక పెద్దది కాదట, ఊళ్లో ఒక్క ఇల్లు కూలలేదు. పట్టుకోకుండా ఉంటే ఆ పిల్ల అందరికంటే ముందే బయట ఉండేది.

దీపను ఇంటికి కాపలా పెట్టి ఆ రాత్రే రైలెక్కాను. గోరఖ్‌పూర్‌లో దిగి బస్సు, సరిహద్దు దాటి ఇంకో బస్సు, ఆపైన కొండ మీదికి జీపు. ఆ మలుపుల్లో కడుపులోది నోట్లోకి వచ్చింది. దారి పొడుగునా ఈమెను ఏమని తిట్టాలో మాటలు పేర్చుకున్నాను. తీరా పోయి చూస్తే ఆమె వంటింటి బయట మెట్టు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. సగానికి సగం అయిపోయింది మనిషి. నన్ను చూసి లేవలేదు. ఎడమ చేతి మీద పళ్ల గాట్లు ఇంకా మానలేదు.

పేర్చుకున్న మాటలన్నీ ఎటో పోయాయి. పక్కన కూర్చుని ఒక్కటే అడిగాను, సైరన్ మోగలేదు కదా, బ్లాస్టింగు అని ఎట్ల అనుకున్నవు అని.

"అనుకోలే," అంది. "అనుకునే యాళ్ల ఎక్కడిది? గిన్నెలు మోగినయ్, చెయ్యి పోయి పట్టుకున్నది. అంతే." బియ్యంలోంచి ఒక రాయి తీసి పారేసి మళ్లీ అంది, "అది నా మొకం చూసింది. అమ్మనాయిన పోయినట్టె దాన్ని గూడ నేను లోపట్నే ఉంచి సంపుతున్న అనుకున్నది."

దూరంగా ముంగిలి చివర ఒక చెట్టు కింద రేకు పందిరి ఉంది, కట్టెలు దాచుకునేది. భుజానికి గుడ్డకట్టుతో ఫూల్‌మాయ అక్కడ కూర్చుని ఉంది. ఇప్పుడు వసారాకు కూడా రావడం లేదు. పడక కూడా ఆ పందిరి కిందే. అనసూర్య ముంగిట్లోకి అడుగుపెడితే లేచి చెట్టు వెనక్కి పోతుంది. గాలి కత్తిలా కోస్తోంది. ఆ పిల్ల దగ్గడం నా మందం చెవులకే వినబడింది. ఎవరు ఎత్తి లోపలికి తేబోయినా విరిగిన భుజంతోనే పెనుగులాడుతుందట, ఎముక అతకదని ఆ ప్రయత్నమూ మానేశారు.

సావిత్రీ దిదీ నన్ను లోపలికి పిలిచి చాయ్ ఇచ్చింది. చాలా మర్యాదగానే మాట్లాడింది. ఆమెను తప్పు పట్టడానికి తమకు మనసు రావడం లేదనీ, కానీ పిల్లలు ఈమె దగ్గర కూర్చోవడానికి జంకుతున్నారనీ, ఆ పిల్లకైతే ఈమె కనబడినంతకాలం భయం పోదనీ హిందీలో చెప్పింది. తీసుకుపోతానన్నాను. నిజం చెప్పాలంటే నాకు లోపల సంతోషంగానే ఉంది. ఈ గొడవంతా ఇక్కడితో వదిలి ఇంటికి పోవచ్చనుకున్నాను.

అనసూర్య రానంది. పిల్ల లోపల పడుకున్న రోజు వస్తాను, అప్పటిదాకా కదలనంది. నేను అరిచాను. నువ్వు ఉన్నందుకే అది లోపలికి రావట్లేదని దిదీ చెప్పిన మాటే ముఖాన కొట్టినట్టు చెప్పాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది అని తర్వాత ఎవరైనా అంటే ఒప్పుకోను, ఎందుకంటే ఆ మాటకే ఆమె పట్టు సడలింది. బియ్యం చేట పక్కన పెట్టి, చాలాసేపు పందిరి వైపు చూసి, "అయితె పోదాం తియ్యి," అంది. ఆమె అంత మెత్తగా నా మాట వినడం పెళ్లయినప్పటి నుంచి అదే మొదలు. నాకేమీ బాగనిపించలేదు.

మర్నాడు పొద్దున బయలుదేరాలి. వంటింటి పక్కన గోతాలు పెట్టుకునే చిన్న గది ఆమెకు ఇచ్చారు. గోడలు రాయీ మట్టీ, పైన దూలాలు, వాటి మీద పలకరాళ్లు. ఇద్దరం కింద కూర్చుని సంచి సర్దుతున్నాం. స్వెట్టర్ పిల్లలెవరికైనా పనికొస్తుందని ఆమె పక్కకు పెట్టింది. ఆ మఫ్లర్ నాది, అది మాత్రం ఇవ్వనని నేను గునుస్తున్నాను.

నేల కిందనుంచి దడ్‌మని వచ్చింది.

నా ఒళ్లు దానంతట అదే గోడకు ఆనుకుంది. చెయ్యి పోయి పక్కనున్న మనిషి చెయ్యి పట్టుకుంది. బ్లాస్టింగులో మాకు నేర్పింది అదే, పేలాక ఆల్‌క్లియర్ సైరన్ వచ్చేదాకా ఉన్నచోట నుంచి కదలొద్దు, పక్కవాణ్ణి కదలనివ్వొద్దు. అనసూర్య లేచింది. బయటికి నడువుమని అరిచింది. "ఆగు," అన్నాను. ఆమె గుంజింది. నేను వదల్లేదు. ఇనుప గడ్డపారలు పట్టిన చెయ్యి నాది, ఆడమనిషి విడిపించుకునే పట్టు కాదు. ఈసారి కదలిక ఆగలేదు. గోతాలు ఒరిగాయి, గోడ నుంచి మట్టి పెళ్లలు రాలాయి, దుమ్ముకు ఎదురుగా ఉన్న తలుపే కనబడలేదు. బయట ముంగిట్లో పిల్లల అరుపులు వినబడుతున్నాయి. అనసూర్య నా చేతి మీద గుద్దుతోంది. నేను మాత్రం రాని సైరన్ కోసం ఆగాను.

ఆ దుమ్ములోంచి గడప దాటి వచ్చింది ఫూల్‌మాయ. చెట్టు కింద, ఆకాశం కింద, ఏ ప్రమాదం లేని చోట ఉన్న పిల్ల, ముంగిలి అంతా దాటి, ఊగుతున్న కప్పు కిందికి వచ్చింది. నన్ను చూడనైనా లేదు. మంచి చేత్తో అనసూర్య చీర కొంగు పట్టి గుంజింది. నేను పట్టుకున్నందుకు ఆమె కదలడం లేదని చూసింది. వంగి నా మణికట్టు మీద పళ్లు దించింది. ఎముక దాకా దిగినట్టయి చెయ్యి వదిలేశాను. కొంగు పట్టి ఆమెను గుంజుకుంటూ పిల్ల, నా చొక్కా పట్టి గుంజుకుంటూ ఆమె, ముగ్గురం ముంగిట్లో పడ్డాం. వెనక దూలం ఒక కొస జారింది. పలకరాళ్లు దబదబ నేను ఆనుకున్న గోడ పక్కనే రాలాయి.

జీవితంలో ఎన్ని బ్లాస్టింగులు చూశానో, భయమంటే ఏందో ఆ నిమిషంలోనే తెలిసింది. దిదీ పిల్లల్ని లెక్కపెట్టుకుంటోంది, అందరూ ఉన్నారు. ఫూల్‌మాయ మాత్రం అనసూర్య ముందు నిలబడి, ఊపిరి అందక దగ్గుతూ, ఏడుస్తూ, మంచి చెయ్యి పిడికిలి బిగించి ఆమె కడుపు మీద కొట్టడం మొదలుపెట్టింది. ఏవేవో అంటోంది. భాష రాకపోయినా తిట్లని తెలుస్తోంది. చిన్నప్పుడు నేను బాయిలో పడబోతే మా అమ్మ గడ్డ మీదికి గుంజి నన్ను ఇట్లే కొట్టింది. విరిగిన భుజం కదులుతుందని నేను ఆ పిల్ల చెయ్యి ఆపబోయాను.

"ఆపకు," అంది అనసూర్య. "కొట్టనియ్యి."

నిలబడి కొట్టించుకుంది. పిల్ల చెయ్యి నొప్పి పుట్టేదాకా కొట్టి, ఆ కడుపు మీదనే తల పెట్టి ఏడ్చింది. అప్పుడు కూడా అనసూర్య పిల్లను చేతులతో పట్టుకోలేదు. రెండు చేతులూ గాలిలో ఉంచి, ఎక్కడ పెట్టాలో తెలియక, అట్లే నిలబడింది. చివరికి పిల్లే ఆ ఎడమ చెయ్యి తీసి తన వీపు మీద వేసుకుంది.

ఆ తర్వాత కొన్నాళ్లు ఊరంతా బయటే పడుకుంది. టార్పాలిన్ల కింద, మంటలు వేసుకుని. మా ప్రయాణం ఆగిపోయింది, బస్సులూ లేవు, దిదీ ఆ మాట మళ్లీ ఎత్తనూ లేదు. నేను జారిన దూలం ఎత్తి కట్టించడంలో, పలకరాళ్లు సర్దడంలో సాయం చేశాను. ఊరికే కూర్చుంటే వాళ్ల పప్పన్నం గొంతు దిగేలా లేదు. నేల మళ్లీ కదలకుండా నిలిచాక, చలి కూడా ముదిరాక, పిల్లల్ని లోపలికి మార్చాలని దిదీ నిర్ణయించింది. అందరం లోపలికి పోయాం, ఫూల్‌మాయ తప్ప. పందిరి కింద చాప చంకలో పెట్టుకుని నిలబడి, ఎవరు ఎక్కడ పడుకుంటున్నారో చూస్తోంది. అనసూర్య బొంత తెచ్చి పిల్లల గదిలో గోడ వారన పరుచుకుంది. పిల్లను పిలవలేదు. నన్నూ పిలవనివ్వలేదు.

ఇంకా వెలుతురు ఉండగానే వచ్చింది. గడప మీద ఆగింది. పైకి చూసింది, కప్పు మూలలన్నీ చూసింది. తర్వాత లోపలికి నడిచి, తలుపుకూ అనసూర్యకూ మధ్య చాప పరిచింది. అనసూర్య కొంగు చివర తీసి తన మంచి చేతికి రెండు చుట్లు చుట్టుకుని, పళ్లతో ముడి బిగించింది. ఎందుకట్ల చేస్తున్నవని దిదీ వాళ్ల భాషలో అడిగింది. పిల్ల విసుగ్గా ఏదో జవాబు చెప్పి కళ్లు మూసుకుంది.

దిదీ ముక్కు తుడుచుకుని, ఆ జవాబు నాకు హిందీలో మెల్లగా చెప్పింది. నాకు మొత్తం వినబడింది.

"ఈ ఆమాకు ఉరుకుడు రాదు. నేను బయట పండుకుంటే ఈమెను ఎవరు లేపుతరు?"

అనసూర్య గోడ వైపు తిరిగి పడుకుంది, కొంగు గుంజుకుపోకుండా జాగ్రత్తగా. మర్నాడు జీపెక్కింది నేనొక్కణ్ణే.